‘సోషల్ క్రెడిట్’ పార్టీని తెలుగులో ఏమనాలి?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సుకు 1952 నుంచి 1972 వరకు ప్రీమియర్‌గా ఉన్న డబ్ల్యూ.ఎ.సి. బెనెట్ జీవితంపై 12 నిమిషాల ఆడియో వ్యాసం రాస్తున్నాను. కెలోనా ఊళ్లో ఇనుప సామాను దుకాణం నడిపిన మనిషి. 1941లో కన్జర్వేటివ్‌గా శాసనసభకు వెళ్లి, పదేళ్లకు ఆ పార్టీ వదిలి సోషల్ క్రెడిట్‌లో చేరాడు. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడని ఒక్క మాటలో తేలిపోయింది. చిక్కంతా పార్టీ పేరుతోనే.

మొదట ‘సామాజిక పరపతి పార్టీ’ అని రాసి నలుగురికి వినిపించాను. ఇద్దరు పలుకుబడి అనుకున్నారు, ఒకాయన సహకార పరపతి సంఘం అనుకున్నారు. ‘సామాజిక రుణ పార్టీ’ అంటే డ్వాక్రా రుణాలు గుర్తొచ్చాయట! పేరును అలాగే ఉంచితే చైనా పౌరులకు మార్కులు వేసే పద్ధతా అని అడిగారు. నిఘంటువుల్లో క్రెడిట్‌కు పరపతి, అప్పు, జమ అనే ఉన్నాయి.

అసలు సంగతి వేరు. సరుకుల ధరలకు తగినంత కొనుగోలు శక్తి జనం చేతిలో ఉండదని, ఆ లోటును ప్రభుత్వమే డబ్బు పంచి పూడ్చాలని మేజర్ డగ్లస్ అనే బ్రిటిష్ ఇంజనీరు చెప్పిన సిద్ధాంతం నుంచి వచ్చిన పేరిది. తమాషా ఏమిటంటే, బెనెట్ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆడియో కనుక అధోజ్ఞాపికకు వీలు లేదు. వివరణకు ఒక్క వాక్యానికే చోటుంది. ఒక్కసారి వినగానే అపార్థం లేకుండా అందేలా ఈ పార్టీ పేరును తెలుగులో మీరైతే ఏమంటారు?