సెయిల్‌బోట్ నిండా సాలెపురుగులు, ఏం చేయాలి?

తెరచాప_చికాగో:
చికాగో బర్నమ్ హార్బర్‌లో మాది 27 అడుగుల సెయిల్‌బోట్ అండి. ఎండలు మొదలైతే చాలు ఎక్కడ చూసినా సాలెగూళ్లే, బూమ్ (తెరచాప కింది అడ్డకర్ర) కింద, లైఫ్‌లైన్ల (డెక్ అంచున పడిపోకుండా కట్టే తీగల) మధ్య, సోలార్ ప్యానెల్ వెనక. కొన్నాళ్లు వెళ్లకపోతే కాక్‌పిట్‌లో (కూర్చుని బోటు నడిపే చోట) దిగగానే మొహానికి చుట్టుకుంటున్నాయి, మా పాపైతే ఎక్కనే ఎక్కనంటోంది. పైగా డెక్ మీద నల్ల చుక్కలు, హోస్‌తో కడిగినా పోవట్లేదు. పక్క బోటు వాళ్లు స్ప్రే కొట్టేయమంటున్నారు, అది లేక్‌లోకి పోతుందేమోనని ఆగాను. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గాలివాటం:
స్ప్రే వద్దు అన్నా. చాలావాటిల్లో పర్మెత్రిన్ లాంటి మందు ఉంటుంది, చేపలకి అది విషం, ఒక్క వాన పడితే నీళ్లలోకే. అయినా చంపితే కొత్తవి వస్తాయి, పిల్ల సాలీళ్లు దారం వదిలి గాల్లో ఎగిరొస్తాయి కదా, 1832లో డార్విన్ ఉన్న బీగల్ ఓడ మీద తీరానికి 60 మైళ్ల దూరంలో వేలకొద్దీ వాలాయి. మీవి బహుశా బ్రిడ్జ్ స్పైడర్లు అనే రకం సాలీళ్లు, మనుషులకి ప్రమాదం లేదు, పాపకి ధైర్యం చెప్పండి. లైట్లకి మిడ్జ్ అనే దోమల్లాంటి చిన్న పురుగులు మూగుతాయి, అందుకే ఇవి అక్కడే గూడు కడతాయి. రాత్రి కాక్‌పిట్ లైట్ ఆపేయండి, తప్పదంటే తెల్లది తీసి పసుపు ఎల్‌ఈడీ పెట్టండి. నావిగేషన్ లైట్లు, యాంకర్ లైట్ (లంగరేసినప్పుడు వేసేది) మాత్రం మార్చకండి, వాటి రంగుకి రూల్ ఉంది.

సాగర్_సెయిలర్:
ఆ చుక్కలు వాటి రెట్టే. అందులో గ్వానిన్ అనే పదార్థం ఉంటుంది, నీళ్లలో కరగదు, అందుకే హోస్‌కి లొంగదు. తాజాగా ఉన్నప్పుడే తుడవాలి, ఎండిపోతే తడిగుడ్డ కప్పి కాసేపు నాననిచ్చి బోట్ సోప్, మెత్తటి బ్రష్‌తో రుద్దండి, అప్పటికీ ఉంటే పాలిష్ కాంపౌండ్, ఆ తర్వాత వ్యాక్స్. బ్లీచ్ జోలికి పోవద్దు, వ్యాక్స్ కూడా పోతుంది. హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే చిన్న సెయిల్‌బోట్లు నడిపే రోజుల్నుంచీ నాదొకటే అలవాటు, కవర్ తీయగానే పొడుగు కర్ర బ్రష్‌తో గూళ్లు లాగేసి అప్పుడే సెయిల్ ఎక్కిస్తా. అక్టోబర్‌లో బోటు ఒడ్డుకి ఎక్కించే ముందు సెయిల్ కవర్ మడతల్లో, లాకర్ మూతల కింద గుడ్ల సంచులు వెతికి తీసేయండి, అదే అన్నిటికంటే ముఖ్యం.

తెరచాప_చికాగో:
చాలా థాంక్స్ ఇద్దరికీ, ఈ వీకెండే లైట్ మారుస్తా. పుదీనా నూనె పనిచేస్తుందా?

గాలివాటం:
కొన్ని రకాలు దూరంగా పోతాయి గానీ డెక్ మీద గాలికి వాసన నిలవదు అన్నా. క్యాబిన్ లాకర్లలో అయితే దూదికి రాసి పెట్టండి, వాసన తగ్గగానే మళ్లీ రాయాలి.