మారేడుమిల్లి అడవిలో కొద్దిమంది సమక్షంలో పెళ్లి చేసుకోవడానికి సలహా కావాలి

మాది అమలాపురం దగ్గర. ఇద్దరం మేజర్లం, ఉద్యోగాలున్నాయి, కులాలు వేరని రెండు ఇళ్లలోనూ ససేమిరా అంటున్నారు. ఎంత బతిమాలినా వినకపోయేసరికి మేమే చేసుకుందామని గట్టిగా నిర్ణయించుకున్నాం. కానీ హడావిడిగా ఏదో ఆఫీసులో దండలు మార్చుకుని వచ్చేయడం నాకు ఇష్టం లేదు. పుట్టినప్పటి నుంచి కాలవలు, కొబ్బరి తోటలే చూశాను, పెళ్లి మాత్రం కొండల్లో, చెట్ల మధ్య జరగాలని ఎంతో ఆశ.

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 1954 కింద అయితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు, ఎవరైనా చూసి ఇంట్లో చెప్పేస్తారేమోనని టెన్షన్. ఇద్దరం హిందువులమే కాబట్టి 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం సప్తపదితో చేసుకుని, తర్వాత రిజిస్టర్ చేయిద్దామనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ అనేది పెళ్లి జరిగిన చోటా, మా ఊళ్లోనా, ఎక్కడ తేలిక?

జలతరంగిణి జలపాతం దగ్గర తాళి కట్టాలంటే అటవీ శాఖలో ఎవరిని అడగాలి? అడవిలో నిప్పు పెట్టకూడదు కదా, మరి హోమం బస చేసే చోట ఆవరణలో చేయనిస్తారా? రాజమండ్రి నుంచి పురోహితుడు వస్తారా? దండలు కడియంలో కట్టించి తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్తాం, మధ్యాహ్నం దాకా వాడిపోకుండా ఉంటాయా? కార్తీకంలో పిక్నిక్ జనం ఎక్కువ, అందుకే మాఘమాసం అనుకుంటున్నాం.

అక్కడ ఇలా చేసుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, ముఖ్యంగా ఇంట్లోవాళ్లు వెతుక్కుంటూ వస్తే ముందుగా పోలీసులకు ఏమని రాసివ్వాలో.