భుజం జారిన రైడర్‌కి ఆపరేషన్ ఇప్పుడా, సీజన్ అయ్యాకా?

తిరుపతి_పీడీ:
మా డిగ్రీ కాలేజీ కబడ్డీ టీమ్ రైడర్, 19 ఏళ్లు. పది రోజుల కిందట డిఫెండర్ మణికట్టు పట్టి వెనక్కి లాగితే కుడి భుజం ముందుకు జారింది. ఇదే మొదటిసారి. క్యాజువాలిటీలో కీలు తిరిగి కూర్చోబెట్టారు, ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. డాక్టర్ ఎమ్మారై తీయమన్నారు. ఇంట్లోవాళ్లేమో పుత్తూరు కట్టు కట్టిస్తే చాలంటున్నారు. ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి 10 వారాలుంది. ఆడించొచ్చా?

ఫిజియో_చిత్తూరు:
సార్, ఎమ్మారై ఈ వారంలోనే తీయించండి. ఇప్పుడు కీలు లోపల రక్తం చేరి ఉంటుంది కాబట్టి చిరుగు దానంతటదే స్పష్టంగా కనిపిస్తుంది. ఆలస్యమైతే కీల్లోకి మందు ఎక్కించి తీయాల్సి వస్తుంది.

భుజం గిన్నె చాలా లోతు తక్కువ. దాని అంచున కుక్కర్ గాస్కెట్ లాంటి మెత్తటి రింగు ఉంటుంది, పేరు లాబ్రమ్. ముందుకు జారినప్పుడు దాని ముందు భాగం ఊడుతుంది. కట్టు చేతిని కదలకుండా ఉంచుతుందే గానీ, ఊడిన రింగును సరైన చోట అతికించలేదు. అందుకే ఈ వయసులో, పట్టి లాగే ఆటలో, సగానికి పైగా కేసుల్లో మళ్లీ జారుతుంది.

స్లింగ్ 1 నుంచి 3 వారాలు చాలు. తర్వాత మోచెయ్యి నడుముకి ఆనించి రబ్బరు బ్యాండుతో బయటికి లాగే వ్యాయామం, రెక్క ఎముక కండరాలకి పని. మ్యాట్ ఎక్కించే ముందు ఆ చేతి బలం రెండో చేతి బలంలో 90 శాతమైనా ఉందో లేదో చూడండి. వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకి చాపి, మోచెయ్యి మడిచి, అరచేతిని తలవైపు మెల్లగా తిప్పండి. నొప్పి లేకపోయినా "వద్దు సార్, జారేట్టుంది" అని బిగుసుకుపోతే ఇంకా సిద్ధంగా లేడన్నమాట.

ఆర్థో_పీజీ:
లెక్క చూడండి. ఇప్పుడు చిన్న రంధ్రాల్లోంచి రింగు కుట్టే కీహోల్ ఆపరేషన్ చేస్తే మళ్లీ పట్టుల్లోకి దిగడానికి సుమారు 6 నెలలు, ఈ సీజన్ పోయినట్టే. గిన్నె ఎముక అరగకుండా రింగు మాత్రమే ఊడుంటే, పై పరీక్షలు పాసైతే, ఆడించి సీజన్ కాగానే చేయించడం ఒక దారి. కానీ ఒక్కసారి మళ్లీ జారినా ఆరోజే ఆపెయ్యండి. జారిన ప్రతిసారీ గిన్నె ముందంచు అరుగుతుంది. అరుగుదల 20 శాతం దాటిందంటే రింగు కుట్టినా నిలవదు. కొరకాయిడ్ (రెక్క ఎముకకి ముందువైపు ఉండే కొక్కెం లాంటి భాగం) నుంచి ముక్క కోసి, సాధారణంగా రెండు స్క్రూలతో గిన్నె అంచుకి బిగించే లాటార్జే ఆపరేషన్ చెయ్యాలి. ఎముక మీద అనుమానముంటే త్రీడీ సీటీ అడగండి, ఎమ్మారై కన్నా అరుగుదల దాంట్లో బాగా తెలుస్తుంది.

ఇంకోటి: చొక్కా చేతి మీద ఎన్‌సీసీ బ్యాడ్జీ కుట్టే చోట తిమ్మిరి ఉందా? ఉంటే చెయ్యి పక్కకి లేపే కండరాన్ని ఆడించే యాక్సిలరీ నరం దెబ్బతిని ఉండొచ్చు. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. 3 వారాలైనా చెయ్యి పక్కకి లేవకపోతే నరాల పరీక్ష చేయించాలి. అది తేలేదాకా ఆట మాటే వద్దు.

తిరుపతి_పీడీ:
తిమ్మిరి లేదంటున్నాడు. సీజన్ తర్వాత చేయిస్తే సెమిస్టర్ పరీక్షలు అడ్డొస్తాయేమో? కుడిచేతి వాటం.

ఫిజియో_చిత్తూరు:
ఆపరేషన్ తర్వాత స్లింగ్ 4 నుంచి 6 వారాలుంటుంది. మోచెయ్యి ఒంటికి ఆనించి బల్ల మీద రాయడం, డాక్టర్ ఒప్పుకుంటే, కొన్నాళ్లకే కుదురుతుంది, కానీ మూడు గంటల పేపరు కష్టం. పరీక్షలు అయిన మర్నాడే డేటు తీసుకోండి. బండి మాత్రం 2 నెలలు ముట్టనీయొద్దు, తాళం మీ దగ్గరే పెట్టుకోండి సార్.