చెర వదిలిన తెగ తనను తాను ఏమని పిలుచుకుంటుంది? ‘బంటు’ సరిపోతుందా?

ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. అందులో ఒక కొండతెగ ఉంది. ఏడు తరాలు గనుల్లో బానిసలుగా మగ్గి, ఎదురు తిరిగి బయటపడ్డారు, ఇప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్ళంత బాగా కత్తి తిప్పేవాళ్ళు లేరు. కథ నడుస్తోంది కానీ ఆ యోధులు తమకు తాము పెట్టుకున్న పేరు దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాను.

మొదట ‘విముక్త యోధులు’ అని రాశాను. చదివిన స్నేహితురాలు “ఆ తెగలో ముసలమ్మ మనవడికి కథ చెప్తూ ఈ మాట అంటుందా?” అని అడిగింది. అనదు. పైగా విముక్త అనగానే మనకు ‘విముక్త జాతులు’ గుర్తొస్తాయి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసి కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసింది, ఆ చట్టం 1952లో పోయాక వాళ్ళకు వచ్చిన పేరు అది. నిజంగా బతికి ఉన్న మనుషుల గాయం ఆ మాటలో ఉంది. నా కల్పిత తెగకు దాన్ని తగిలించడం నాకు తప్పనిపించింది.

సరే, బానిసత్వం చుట్టూ మనకున్న మాటలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. బానిస అంటే కొన్నదో పట్టుకొచ్చిందో, మనిషి మీద హక్కు ఇంకొకరిది. వెట్టి, ఊడిగం అన్నవి పనికి పేర్లు, మనిషికి కావు. దాసుడు అన్న మాట ఏనాడో దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది, ఇవాళ దాసు అంటే భక్తుడే గుర్తొస్తాడు. తొత్తు మాత్రం తిట్టుగానే మిగిలింది, దాన్ని ఎవరూ పైకి తీసుకురాలేకపోయారు, నేనూ తీసుకురాలేను.

అప్పుడు తట్టింది బంటు. ఈ మాటను మనం రోజూ వాడుతూ కూడా సరిగ్గా చూడలేదేమో అనిపించింది. బంటు అంటే సేవకుడూ అవును, వీరుడూ అవును, రెండూ ఒకే మాటలో. భటుడు కూడా అంతే అనుకోండి, కానీ అది రాజుగారి కొలువు దాటి బయటికి రాలేదు. ‘నమ్మిన బంటు’ అన్నప్పుడు మనకు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు కనిపించడు, ప్రాణం అడ్డువేసేవాడు కనిపిస్తాడు. హనుమంతుడు రామబంటు. ఆయన్ని రాముడు కొనలేదు, పట్టి తేలేదు, తనే వచ్చి చేరాడు.

త్యాగరాజు హంసనాద రాగంలో ‘బంటు రీతి కొలువియ్యవయ్య రామ’ అంటాడు కదా. ఇన్నిసార్లు విన్నా ఆ ‘ఇయ్యవయ్య’ మీద నా చెవి పడలేదు. కొలువు ఇవ్వమని అడుగుతున్నాడు. బానిస కొలువు అడగడు, అతని మీద అది పడుతుంది. అడిగి చేరినవాడే బంటు. నా తెగకు కావలసింది సరిగ్గా ఈ తేడానే.

ఆ కీర్తన చరణంలోనే ఇంకో మాట దొరికింది. గగుర్పాటే కవచమట, రామభక్తుడన్నదే ముద్రబిళ్ళట, రామనామమే ఖడ్గమట. కవచమూ కత్తీ అందరూ చెప్తారు, మధ్యలో ఆ బిళ్ళ చూడండి! ఎవరి కొలువులో ఉన్నాడో చెప్పే గుర్తు అది. బిళ్ళబంట్రోతు అన్న మాటలోనూ ఆ బిళ్ళే.

అక్కడి నుంచి నా తెగ ఆచారం ఒకటి పుట్టింది. గనిలో పుట్టిన ప్రతి బిడ్డ మెడలో యజమాని గుర్తున్న రాగిబిళ్ళ వేసేవాళ్ళు. చెర వదిలిన రోజు కొందరు వాటిని ఏట్లో పారేయబోతే ఒక ముసలామె ఆపింది. అన్నీ పోగుచేసి కరిగించి కత్తిపిడులు పోయించింది. అప్పటి నుంచి ఆ తెగలో పన్నెండేళ్ళు నిండిన పిల్లకైనా పిల్లాడికైనా మొదటి కత్తి ఇచ్చేటప్పుడు పిడిలో ఆ పాత రాగి గోరంతైనా కలుపుతారు. ఆ వేళ పాడే పాట కోసం ఒక ద్విపద (రెండేసి పాదాల పద్యం) కట్టాను:

మెడబిళ్ళ కరిగించి మెరుగైన కత్తి
పిడి చేసి బంటులు బిడ్డకిచ్చెదరు

ద్విపదే ఎందుకంటే వీరుల కథలకు మన నోళ్ళలో నలిగిన నడక అదే. శ్రీనాథుడిదని చెప్పే పల్నాటి వీరచరిత్ర కూడా ప్రాస పట్టింపు లేని మంజరీ ద్విపదలోనే ఉంది. నేను ప్రాస ఉంచాను (పాదాల రెండో అక్షరాలు కలవడం, డ–డి), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత) మె–మె, పి–బి. గణాలు ఒకసారి చూసి తప్పుంటే చెప్పండి. ‘ఇచ్చెదరు’ గ్రాంథికం అని నాకూ తెలుసు, ‘ఇస్తారు’ అన్నా చివర సూర్యగణం (పాదం చివరి చిన్న గణం) కుదురుతుంది, అయినా పాటకు ‘ఇచ్చెదరు’ ఉంచాను.

చేర్పు: కామెంట్లన్నీ చదివాను, చాలా థాంక్స్. ఇద్దరు ముగ్గురు చదరంగం ఎత్తారు, బంటు అంటే ముందు బలిచ్చే కాయ కదా, వీరుడికి ఆ పేరా అని. ఆ మాట నన్నూ కాసేపు ఆపింది. కానీ ఆ కాయకు ఆ పేరు వచ్చింది కాలిబంటు నుంచే, అంటే నిజం యుద్ధంలో ముందు వరుసలో నడిచి వెళ్ళినవాడి నుంచి. అతను ముందు చచ్చిపోతాడన్నది అతని తక్కువతనం కాదు. ఈ పేరు మార్చను.

గరుడుడి కథ గుర్తుచేసినవారికి ప్రత్యేకంగా చెప్పాలి, అది నాకు తట్టనే లేదు. తల్లి వినత దాస్యం తీర్చడానికి అమృతం తెచ్చినవాడు, దారిలోనే విష్ణువుతో వరాలు ఇచ్చిపుచ్చుకుని ఆయనకు వాహనమయ్యాడు, జెండా మీద ఆయనకంటే పైనా నిలిచాడు. ఒక దాస్యం తెంచడానికి బయల్దేరినవాడు తన కొలువు తనే ఒప్పుకున్నాడు, అదీ తన షరతు మీద. నా తెగ రెండో భాగంలో ఒక రాణి సైన్యంలో చేరే ఘట్టం ఉంది, దాన్ని మళ్ళీ మొత్తం రాయాలి. ఇప్పుడు రాసిన దాంట్లో రాణి వాళ్ళను పిలుస్తుంది. వాళ్ళే వెళ్ళి అడగాలి, షరతులతో.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. ఈ తెగలో ఆడవాళ్ళూ బంట్లే. ‘బంటు వచ్చాడు’ అని విన్న చెవికి ‘బంటు వచ్చింది’ ఎలా ఉంది? ‘ఆడబంటు’ అని నాకు రాయాలని లేదు, కత్తి ఒకటే అయినప్పుడు పేరు ముందు ఆ తోక ఎందుకు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఆడమనిషిని బంటు అనగా విని ఉంటే ఏ సందర్భంలో అన్నారో రాయండి.