జనమే లేని సీజన్లో గోవా బైక్ ట్యాక్సీ పైలట్ రేటు ఎందుకు పెంచుతాడు?

గుంటూరు_కారం అడిగారు:

గోవాలో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

జూన్ రెండో వారంలో ఆఫీసు పని మీద వెళ్ళొచ్చాను. బీచ్ ట్రిప్పు కాదు, ఫొటోలు అడక్కండి. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో మడ్గావ్‌లో దిగి, అక్కడ ఒక పార్టీని కలిసి, బస్సు పట్టుకుని పణజీ కదంబ బస్టాండుకి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. కుండపోత వాన. నేను వెళ్ళాల్సింది మిరామార్, ఎంత లేదన్నా నాలుగున్నర కిలోమీటర్లు. అటువైపు బస్సులు అప్పటికే అయిపోయాయన్నారు.

బస్టాండు బయట నల్ల బండ్లు, ముందు మడ్‌గార్డు మాత్రం పసుపు. అక్కడ బైక్ ట్యాక్సీ నడిపేవాళ్ళని పైలట్లంటారట. ఐదు బండ్లున్నాయి, ఎక్కేవాణ్ణి నేనొక్కణ్ణే. ముందున్నాయన నూట యాభై అన్నాడు. డిసెంబరులో, అంత రద్దీలో, మా బావమరిది ఇదే దూరానికి వంద ఇచ్చాడు. నేను ఎనభై అన్నాను. ఆయన నవ్వాడు. వెనకున్న నలుగురూ ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటున్నారు తప్ప, ఒక్కడైనా "రా, వందకి నేను తీసుకెళ్తా" అనలేదు. బేరమాడి బేరమాడి చివరికి నూట ఇరవైకి ఎక్కాను. దారంతా మాటల్లేవు. దిగాక డబ్బు లెక్క కూడా చూసుకోకుండా జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

టమాటాలైతే కొనేవాడు లేకపోతే సాయంత్రానికి రేటు పడిపోతుంది. ఇక్కడ ఎక్కేవాడు లేడు, రేటేమో పైకి పోయింది. ఇదెక్కడి లెక్క? సిండికేటా? లేక నా బ్యాగు చూసి బకరా దొరికాడనుకున్నారా? ఆ తగ్గించిన ముప్ఫై రూపాయలు నేను గెలిచినట్టో, ఆయన దగ్గర లాక్కున్నట్టో వారం నుంచి తేలడం లేదు. ఇంట్లో చెబితే "ముప్ఫై రూపాయలకి వారమా" అంటున్నారు.

చిల్లర_లేదు:

సిండికేటే బ్రదర్, ఇంకేం ఆలోచించకు. స్టాండూ యూనియనూ ఉన్నచోట ఇదే కథ. హైదరాబాద్‌లో అంత దూరం యాప్‌లో నేను సగానికే వెళ్తా. బేరమాడి మంచి పని చేశావ్.

నైట్_ఆడిటర్:

తుని నాది. 2016 నుంచి 2022 దాకా పణజీలో ఒక హోటల్లో పనిచేశాను, చివరి నాలుగేళ్ళు నైట్ ఆడిటర్‌గా. అంటే రాత్రి పదకొండుకి డ్యూటీ ఎక్కి, ఆ రోజు లెక్కలు మూసి, పొద్దున్న ఏడింటికి దిగడం. గది పణజీ పక్కనే రిబందర్‌లో. రాత్రి డ్యూటీ ఎక్కే వేళకి బస్సు ఉండదు కాబట్టి ఏళ్ళ తరబడి పైలట్ వెనక సీటే నా బస్సు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

పైలట్లని టూరిస్టులు పోషిస్తారని అందరూ అనుకుంటారు. టూరిస్టు పైలట్ బండెక్కడం నేను చూసింది చాలా తక్కువ. దిగగానే స్కూటర్ అద్దెకి తీసేసుకుంటాడు (నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు ఉంటాయే, అవే). లేదంటే నలుగురు కలిసి కారు. పైలట్ వెనక కూర్చునేది మాలాంటివాళ్ళం. హోటల్లో గిన్నెలు తోమే కుర్రాడు, స్పాలో చేసే మణిపూర్ అమ్మాయి, మాండవి నది మీద ఓడల్లో కాసినోలున్నాయి కదా, వాటిల్లో పేకముక్కలు పంచి తెల్లారుజామున బయటపడే నేపాలీ కుర్రాళ్ళు. టూరిస్టు ఖర్చుపెట్టిన నోటు మా జీతంలో పడి, మా జేబులో చిల్లరగా మారి, అప్పుడు పైలట్‌కి చేరుతుంది. అందుకే టూరిస్టు రావడం మానేసిన మొదటి వారం పైలట్‌కి పెద్దగా తెలీదు. హోటళ్ళు మమ్మల్ని ఊళ్ళకి పంపేశాక తెలుస్తుంది.

2020లో జరిగింది అదే. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. మా హోటల్లో అరవై మందికి పదకొండు మందిమి మిగిలాం. ఏప్రిల్ 19కి గోవాలో ఒక్క కేసూ లేదని టీవీలో చెప్పారు. కేసుల్లేవు, నిజమే. రోడ్డు మీద మనుషులూ లేరు. జూలై 2 నుంచి టూరిస్టుల్ని రానిచ్చారు గానీ కాసినోలు నవంబరు 1 దాకా తెరవలేదు. అంటే అర్ధరాత్రి దాటాక దొరికే బేరం, అదే పైలట్లకి మంచి బేరం, ఏడు నెలల పైన సున్నా.

నన్ను రోజూ దింపే ఆయనకి అప్పటికి యాభై ఐదేళ్ళుంటాయి. నన్ను "పాత్రావ్" అనేవాడు, అక్కడ యజమానిని అలా పిలుస్తారు. పదహారు వేల జీతగాణ్ణి నేను! ఆయన చొక్కా జేబులో అగ్గిపెట్టెకి రెండింతలుండే చిన్న పుస్తకం, దానికో రబ్బరు బ్యాండు. ట్రిప్పుకో గీత పెట్టేవాడు, ఐదోది అడ్డంగా. జూలై ఆఖర్లో ఒక రాత్రి వాన తగ్గేదాకా మా పోర్టికోలో నిలబడ్డప్పుడు ఆ పుస్తకం నా చేతికిచ్చాడు. ఫిబ్రవరిలో రోజుకి పన్నెండు, పదమూడు గీతలు. జూలైలో రెండు, ఒకటి, రెండు. కొన్ని పేజీల్లో తేదీ ఒక్కటే ఉంది, కింద ఏమీ లేదు. అలాంటివి వరసగా నాలుగు. ఒక్క గీత కూడా లేనప్పుడు పేజీ ఎందుకు దండగ, ఆ రోజు రాయకపోతే ఏం అన్నాను. "స్టాండుకి వచ్చాను కదా" అన్నాడు.

మీరు విన్న నూట యాభైలో ఆ ఖాళీ పేజీలు కూడా ఉన్నాయి.

స్టాండులో వరస ఉంటుంది. ముందొచ్చిన బండి ముందు. మీరు ఐదో బండి దగ్గరికి వెళ్ళి అడిగినా ముందున్నాయన్నే చూపించేవాడు. సిండికేటనుకుంటే అనుకోండి, నేనైతే వంతు అంటాను. ఈ రోజు వాళ్ళలో ఒకడు వందకి ఎగరేసుకుపోతే రేపు వాడి వంతుని ఇంకొకడు ఎనభైకి ఎగరేసుకుపోతాడు.

ఇక దూరం సంగతి. నాలుగున్నర పోయి, నాలుగున్నర ఖాళీగా రావాలి. మధ్యలో ఇంకో స్టాండు ముందు ఆగి జనాన్ని ఎక్కించుకుంటే ఆ స్టాండువాళ్ళు ఊరుకోరు. బండి లీటరుకి నలభై ఐదు ఇచ్చిందనుకున్నా పెట్రోలు ఇరవై రూపాయలు. ఇరవై ఖర్చుకి నూట యాభయ్యా అంటారు మీరు. మీ బావమరిదిని దింపి వెనక్కి వచ్చేసరికి డిసెంబరులో ఆయన కోసం స్టాండులో మనిషి నిలబడి ఉంటాడు. జూన్‌లో మిమ్మల్ని దింపి వచ్చాక ఐదో బండిగా పెట్టి, మళ్ళీ ముందుకి జరగడానికి రెండు మూడు గంటలు. అసలు ఆ రాత్రికి మీరే ఆఖరి మనిషేమో. డిసెంబరులో వందకి ఆయన అమ్మింది పావుగంట. మీకు అమ్మింది సాయంత్రం మొత్తం.

బండి కదిలినా కదలకపోయినా ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్సు, పర్మిట్ ఉంటాయి. అప్పట్లో ఫిట్‌నెస్సు, పర్మిట్ కాగితాల గడువు కేంద్రం పొడిగిస్తూ పోయింది, 2020 ఫిబ్రవరి 1 తర్వాత తీరినవి 2021 అక్టోబరు ఆఖరు దాకా చెల్లాయి. అది మంచికే. బండి కిస్తీలకి రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు వాయిదా ఇచ్చింది. వాయిదా అంటే మాఫీ కాదనీ, వడ్డీ నడుస్తూనే ఉంటుందనీ ఆయనకి సెప్టెంబరులో తెలిసింది. ఫోన్లో వచ్చిన మెసేజ్ నా చేత చదివించుకున్నాడు. నేను రెండుసార్లు చదివాను. రెండోసారి చదివితే అంకె తగ్గదు కదా, అయినా చదివాను.

ఒక్కటి మాత్రం ఈ లెక్కకి అందదు. అంత కష్టంలోనూ ఆయన నాకు రేటు పెంచలేదు. అరవై అంటే అరవయ్యే. కొత్త మొహం కనిపిస్తే పెంచేవాడు, అది నా కళ్ళారా చూశాను. రోజూ ఎక్కేవాడికి పెంచితే వాడు సెకండ్ హ్యాండ్ స్కూటీ కొనుక్కుని పోతాడని భయం. పెంచకపోయినా 2021లో నేను కొనుక్కున్నాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేక పది రోజులు హోటల్ వెనక గేటు నుంచి వెళ్ళాను.

అరకు_ఆటో:

నైట్ ఆడిటర్ గారూ, వెనక గేటు మాట చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

నాది అరకు, సొంత ఆటో. మాకు కార్తీకం నుంచి సంక్రాంతి దాకానే కూడు, వలిసెపూలు పూసినన్నాళ్ళు. మిగతా ఏడాదంతా ఆ మూడు నెలల్నీ తింటాం. 2020లో కిరండోల్ రైలు ఆగిపోయింది, బొర్రా గుహలు మూసేశారు. నా బండి మీద చిక్కుడు పాదు పాకిందంటే నమ్మరు. ఇంటి గోడ పక్కన పెట్టాను, అది దాని పని అది చేసుకుపోయింది.

గుంటూరు తమ్ముడూ, నీ ప్రశ్నకి నా దగ్గర ఎదురు కథ ఉంది. మేం రేటు తగ్గించాం. గుహలు తెరిచాక మొదటి నెల వచ్చేదే పది కార్లు, అవీ సొంత కార్లు. రైలు లేదు, బస్సులో వచ్చే జంట ఎక్కడైనా కనిపిస్తే చాలు ఆరుగురం చుట్టుముట్టేవాళ్ళం. బొర్రా పోయి రావడం అంతకుముందు పన్నెండు వందలు. ఒకడు వెయ్యి అన్నాడు, ఇంకొకడు తొమ్మిది వందలన్నాడు, నేను ఏడొందలన్నాను. అవును, నేనే. ఘాట్ రోడ్డు, పోను రాను డెబ్బై కిలోమీటర్ల పైన, గుహల దగ్గర రెండు గంటలు ఆగాలి. ఆ రోజు మిగిలింది టీ డబ్బులు.

రైలు వచ్చింది, జనం వచ్చారు, ఏడొందలు మాత్రం అక్కడే కూర్చుంది. "పోయినసారి ఏడొందలకే తీసుకెళ్ళారు కదా" అని ఫోన్లో ఫొటో కూడా చూపించేవాళ్ళు, నా బండి ఫొటోనే! మళ్ళీ పన్నెండు వందల మాట అనడానికి రెండు సీజన్లు పట్టింది. గోవావాళ్ళ లాగ వరస పెట్టుకుని మూసుకుని కూర్చోవాల్సింది మేం.

రాష్ట్ర ప్రభుత్వం ఆటోవాళ్ళకి వేసిన వాహనమిత్ర పదివేలు మాత్రం పడ్డాయి, 2019 అక్టోబరులో ఒకసారి, 2020 జూన్ 4న ఇంకోసారి. ఆ రెండోసారి పడ్డది బియ్యానికి, మా నాన్న మందులకి పోయింది. అబద్ధం ఎందుకు, అది లేకపోతే బండి అమ్మేవాణ్ణే. అయితే అది సొంత బండి ఉన్నవాడికి. అద్దెకి తోలేవాడికి రాలేదు. బైకు ట్యాక్సీ అనే మాటే అప్పటి జాబితాలో లేదు, ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ అంతే.

చిల్లర_లేదు:

అన్నా, మీ కష్టం అర్థమైంది. కానీ ఖాళీ కూర్చున్న గంటల డబ్బు ప్రయాణికుడు ఎందుకు కట్టాలి? షాపులో గిరాకీ లేకపోతే నా దగ్గర ఎక్కువ తీసుకుంటే ఊరుకుంటానా? ప్రభుత్వం కిలోమీటరుకింత అని గీత గీసి గట్టిగా నిలబెడితే గొడవే ఉండదు.

పగటి_రైలు:

గీత గీసిన చోటు ఒకటి చూశాను, అందుకని మధ్యలో దూరుతున్నా. ఇండోనేషియాలో బైక్ ట్యాక్సీని ఓజెక్ అంటారు. యాప్‌లో నడిచే ఓజెక్‌కి 2019 నుంచి అక్కడి ప్రభుత్వమే కిలోమీటరుకి ఇంత కంటే తగ్గకూడదు, ఇంత దాటకూడదు అని పెట్టింది. బాలీకి కూడా అదే వర్తించింది. బాలీకి 2019లో 60 లక్షల పైచిలుకు విదేశీయులు వచ్చారు. 2021 సంవత్సరం మొత్తానికి వంద మంది కూడా రాలేదు. లక్షలు కాదు, వంద మంది! రేటు ఎంత న్యాయంగా ఉన్నా దాన్ని గుణించడానికి మనిషి లేడు.

2022 ఆఖర్లో బాలీలోనే ఉబుద్ అనే ఊరి పక్కన ఒక పాత స్టాండు ఓజెక్ ఆయన బండెక్కాను. ఆ రెండేళ్ళూ ఏం చేశారని సైగలతో, ఫోన్లో తర్జుమాతో అడిగితే రోడ్డు పక్కన చెక్క స్టాండు చూపించాడు. గాజు సీసాల్లో పెట్రోలు అమ్ముతారు అక్కడ. రోజుకి నాలుగైదు సీసాలు పోయేవట. అన్నట్టు ఆయన నన్ను గట్టిగానే బాదాడు, ఏం అనలేదు నేను.

గుంటూరు_కారం:

అందరికీ థాంక్స్. వంతు అనే మాట నాకు తట్టనే లేదు. ఆ నలుగురి మీద నాకు ఉన్న కోపం అయితే పోయింది. చిల్లర గారి ప్రశ్న నాకూ ఇంకా మిగిలే ఉంది, బోర్డు మీద రేటు రాసి పెడితే ఎక్కేవాడికీ మర్యాదే కదా, రాత్రికింత అని రాసినా ఒప్పుకుంటాం. ఆగస్టులో మళ్ళీ అదే పని మీద వెళ్ళాలి, ఈసారి నూట యాభై అడిగితే నూట యాభై ఇస్తాను. రెండొందలు అడిగితే మాత్రం మళ్ళీ ఇక్కడికే వస్తా.

నైట్ ఆడిటర్ గారూ, ఆ పైలట్ ఆయన మీకు తర్వాత కనిపించారా?

నైట్_ఆడిటర్:

కనిపించకుండా ఎలా ఉంటాడండీ, పణజీ ఎంత ఊరని. పదకొండో రోజు వెనక గేటు దగ్గరే బండి ఆపుకుని ఉన్నాడు. స్కూటీ చుట్టూ తిరిగి చూసి, ఎంతకి కొన్నావు అని అడిగి, మూడు వేలు ఎక్కువ పెట్టావన్నాడు. వెనక టైరు మార్పించమన్నాడు. అంతే.

2022 మేలో నేను ఉద్యోగం మానేసి వచ్చేస్తున్న రోజు, స్కూటీ అమ్మేశాను కాబట్టి ఆయన్నే పిలిచాను. ఒక సూట్‌కేసు ముందు ట్యాంకు మీద ఆయన పెట్టుకున్నాడు, ఒకటి నా ఒళ్ళో. బస్టాండులో దిగి రెండొందల నోటు ఇస్తే నూట నలభై వెనక్కిచ్చాడు. ఉంచుకోమంటే వినలేదు. పుస్తకం తీసి గీత పెట్టాడు. ఎన్నోది అని అడిగాను.

నాలుగోది. అప్పుడు మధ్యాహ్నం మూడవుతోంది.