మాటిమాటికీ రీస్టార్ట్ అయ్యే ల్యాప్‌టాప్: ముందు ఫార్మాటా, చెకప్పా?

కాజీపేట స్టూడెంట్:
అన్నలూ, నా ల్యాప్‌టాప్ నడుస్తూ నడుస్తూ టక్కున ఆగి మళ్లీ ఆన్ అవుతున్నది. ఒక్కోసారి నీలం తెర వస్తది గానీ చదివేలోపే పోతది. హన్మకొండలో ఒక షాపుల చూపిస్తే, విప్పకుండనే ‘ఫార్మాట్ కొడితే సెట్ అయితది’ అన్నడు, అంటే అంతా చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించుడు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అంతా దాంట్లనే ఉన్నది. కొట్టియ్యాల్నా, వద్దా?

కరీంనగర్ సర్వీస్:
కొట్టియ్యి తమ్మీ. ముందు ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకో. నా దగ్గరికొచ్చేటియి ఎక్కువ శాతం చెడిపోయిన డ్రైవర్లు, సగంల ఆగిన అప్‌డేట్లు, క్రాక్ సాఫ్ట్‌వేర్లే. ఒక్కోటి వెతుక్కుంట కూసునే బదులు ఫార్మాట్ కొడితే అన్నీ ఒక్కసారే పోతయి. 2024 జులై 19న చూసినం గదా, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క చెడ్డ అప్‌డేట్‌కు దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయినయి. వాటిల ర్యామ్ పోయిందా, ఫ్యాన్ పోయిందా?

వరంగల్ హార్డ్‌వేర్:
అన్నా, ఆ ముచ్చట నీకే ఎదురు తిరుగుతది. అప్పుడు సేఫ్ మోడ్‌ల, అంటే విండోస్‌ను అవసరమైన ఫైళ్లతోనే లేపి, ఆ ఒక్క ఫైల్ తీసేస్తే మెషీన్లు లేచినయి, ఫార్మాట్ అక్కర రాలే. ఎందుకంటే కారణం ఏందో తెలిసింది.

తమ్మీ, ముందుగాల ఆ నీలం తెరను ఆపు. సిస్టమ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌ల ‘స్టార్టప్ అండ్ రికవరీ’ ఉంటది, అండ్ల ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసెయ్యి. ఈసారి పడితే తెర అట్లనే నిలవడ్తది, కింద ఉన్న కోడ్ ఫోన్‌తోని ఫొటో తియ్యి. నీలం తెర రాకుండ ఏకంగ ఆరిపోతే వేడి మీద, కరెంటు మీద అనుమానపడాలె. విండోస్ తన తప్పులు రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌ల ‘కెర్నల్-పవర్ 41’ కనవడంగనే చాలామంది బ్యాటరీ, చార్జర్ మార్చేస్తరు. మెషీన్ సరిగ్గ షట్‌డౌన్ కాలేదని చెప్తది గానీ, బ్యాటరీయో చార్జరో పోయిందని అది చెప్పదు.

తర్వాత విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్, లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండ దాని మీదనే నడిపి చూడు. డిస్కుకు విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్ ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీ ముందే రాసి పెట్టుకో. అక్కడ గూడ పడిపోతే తప్పు విండోస్‌ది కాదు.

ఎనుమాముల మార్కెట్‌ల అడ్తి దుకాణపాయన ల్యాప్‌టాప్ ఒకటి నా దగ్గరికొచ్చింది. వేరే దగ్గర అప్పటికే ఫార్మాట్ అయింది, అయినా ఎండాకాలం మధ్యాహ్నం కాంగనే ఆరిపోతున్నది. మూత విప్పితే ఫ్యాన్ మంచిగనే తిరుగుతున్నది. కానీ ఫ్యాన్‌కూ, గాలి బయటికి పోయే రేకులకూ నడుమ పత్తి నూగు గడ్డకట్టి ఉన్నది. చిమ్టాతోని పట్టి గుంజితే గుడ్డపేలిక లెక్క ఒక్కటే ముక్క ఊడొచ్చింది. ప్రాసెసర్ హద్దు మీరి వేడెక్కితే తనను తను కాపాడుకునేందుకు ఆగిపోతది. దానికి ఫార్మాట్ ఏం చేస్తది?

కరీంనగర్ సర్వీస్:
సరే, మరి గిరాకీ సంగతి చెప్పు. రెండు గంటలు చెక్ చేసి ‘వేడి అయితున్నది’ అంటే, ‘ఏం చేసినవని పైసలు?’ అంటరు. ఫార్మాట్ అంటే మాట్లాడకుండ ఇస్తరు. షాపు కిరాయి నేనెట్ల కట్టాలె?

జగిత్యాల టీచర్:
అన్నా, మీ కష్టం అబద్ధమని ఎవరూ అనరు. చెకప్‌కు ఇంత అని బోర్డు మీద రాసి పెట్టండి, నాలాంటోళ్లం ఇస్తం. పోయిన డేటా మాత్రం ఎంత ఇచ్చినా తిరిగి రాదు. హార్డ్ డిస్కే పోయే దశల ఉంటే, దాని మీద మళ్లీ విండోస్ ఎక్కించుడు ఇంకా ప్రమాదం గదా?

వరంగల్ హార్డ్‌వేర్:
అవును మేడమ్. ర్యామ్ చెడిపోయి ఉన్నా అంతే. కొత్తగ ఎక్కించే విండోస్ ఫైళ్లు గూడ ఆ ర్యామ్ మీది నుంచే పోవాలె, పాడై కూసుంటయి. వారానికి మళ్లీ అదే కథ, గిరాకీ మళ్లీ ఫార్మాట్ పైసలు కట్టాలె.

కాజీపేట స్టూడెంట్:
టిక్ తీసేసిన. రాత్రి పడ్డప్పుడు ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని నిలవడ్డది. లోపల ర్యామ్ స్టిక్కులు రెండున్నయి, ఒకటి మొన్న సెకండ్‌హ్యాండ్‌ల కొని వేసిందే.

కరీంనగర్ సర్వీస్:
ఈ మాట ముందే చెప్పొద్దా తమ్మీ! ప్రాజెక్టు బయటికి తీసుకున్నవా? తీసుకుంటే ఆ కొత్త స్టిక్ తీసి పాతదొక్కదాని మీద నడుపు, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ గూడ పెట్టు. దాంతోని గూడ పడితే అప్పుడు స్లాటు మార్చి చూడు. స్టిక్కులు రెండూ పాసైతే మాత్రం నేనన్నదే, ఫార్మాట్ కొట్టాలె.