మినీఫిగర్ ఊరికి కారు వెడల్పు: 6 స్టడ్‌లా, 8 స్టడ్‌లా?

#1 కొత్తఇరుసు

2015లో మొదలైన లెగో స్పీడ్ ఛాంపియన్స్ కార్లు 6 స్టడ్‌ల (ముక్కల మీద ఉండే గుండ్రటి బొడిపెల) వెడల్పు. 2020 నుంచి అదే వరస 8కి పెరిగింది. పాత టౌన్ సెట్లలో కార్లేమో 4. మూడింటినీ ఒకే వీధిలో నిలబెడితే 4 స్టడ్‌లది పిల్లల తొక్కుడు బండిలా, 8ది లారీకి తమ్ముడిలా ఉంటుంది. సొంత డిజైన్‌తో మినీఫిగర్‌ల (లెగో బొమ్మ మనుషుల) ఊరికి సరిపడా కార్లు కట్టాలంటే ఏ వెడల్పు పట్టుకోవాలి? "నచ్చింది కట్టుకో" అన్న జవాబు వద్దండీ, లెక్క చెప్పండి.

#2 స్టడ్‌లెక్క

స్టడ్ మధ్య నుంచి స్టడ్ మధ్యకు 8 మి.మీ. ప్లేటు (పలుచటి ముక్క) మందం 3.2, బ్రిక్ (ఇటుక ముక్క) ఎత్తు 9.6. పక్క అద్దాలు కలపకుండా మామూలు కారు వెడల్పు 1.8 మీటర్లు అనుకుంటే వచ్చే స్కేలు (1:56 అంటే అసలు కొలతలో 56వ వంతు):

4 స్టడ్‌లు, 32 మి.మీ. – 1:56
5 స్టడ్‌లు, 40 మి.మీ. – 1:45
6 స్టడ్‌లు, 48 మి.మీ. – 1:37.5
7 స్టడ్‌లు, 56 మి.మీ. – 1:32
8 స్టడ్‌లు, 64 మి.మీ. – 1:28

మినీఫిగర్ జుట్టు ముక్క లేకుండా 40 మి.మీ. దగ్గర ఉంటుంది. 1.75 మీటర్ల మనిషి అనుకుంటే 1:44. చాలామంది బిల్డర్లు 1:42 అని పట్టుకునేది అందుకే. ఆ లెక్కన కారు 5కీ 6కీ మధ్యలో పడుతుంది. 8 అన్నది మినీఫిగర్ స్కేలే కాదు.

#3 ఎనిమిదోస్టడ్

మినీఫిగర్‌ని నిలువునా మాత్రమే కొలిచి తీర్పు చెప్పేశారు. అడ్డంగా కూడా కొలవండి. చేతులతో కలిపి 25 మి.మీ. దగ్గర. మనిషి భుజాల వెడల్పు అర మీటరు వేసుకున్నా 1:20. నిలువునా 1:44, అడ్డంగా 1:20 ఉన్న పొట్టి పీపాలాంటి మనిషి ఇది. కారు అంటే మనిషి లోపల కూర్చునే వస్తువు, కాబట్టి అడ్డం కొలత ముఖ్యం.

ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడితే 50 మి.మీ. కావాలి. 6 స్టడ్‌ల కారు బయటి వెడల్పే 48! తలుపులు పీకేసినా పట్టరు. 8లో రెండు పక్కలా పలుచటి ప్యానెల్ గోడలు (ఒక్కోటి 1.6 మి.మీ.) పెడితే లోపల 60కి పైగా మిగులుతుంది.

ఎత్తు సంగతీ చూడండి. ఫెరారీ ఎఫ్40 ఎత్తు 1.12 మీటర్లు. 1:37.5లో అది 30 మి.మీ. నేలకీ బండికీ మధ్య ఒక ప్లేటు ఖాళీ, అడుగు ఒక ప్లేటు, పైకప్పు ఒక ప్లేటు, మొత్తం 9.6 పోతే మిగిలేది 20. కూర్చున్న మినీఫిగర్‌కి సుమారు 3 బ్రిక్‌లు, అంటే 29 మి.మీ. దాకా కావాలి. అదే కారు 1:28లో 40 మి.మీ.; 9.6 తీసేస్తే 30. సరిగ్గా పట్టింది. హెల్మెట్ పెడితే పైకప్పు మూసుకోదు, అది వేరే సంగతి.

#4 స్టడ్‌లెక్క

ఎఫ్40 తెలివిగానే ఎంచుకున్నారు. నేల మీద పాకే కారు కాబట్టి 8లో కూడా లోపం బయటపడదు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌ని తీసుకోండి, ఎత్తు 1.45 మీటర్లు. 1:28లో అది 52 మి.మీ., అంటే 16 ప్లేట్లు. పక్కన నిలబడ్డ మినీఫిగర్ 40. మనిషి కన్నా కారు 12 మి.మీ. ఎత్తు! మన స్కేలుకి మార్చి చూస్తే అర మీటరు పైమాటే. అసలు లోకంలో ఆ మనిషి కారు పైకప్పు మీదుగా అవతలి పక్క చూడగలగాలి.

1:37.5లో అదే కారు 39 మి.మీ. మనిషీ పైకప్పూ సమానం, అదీ కొంచెం ఎక్కువే. 1:42లో 34.5 మి.మీ., 11 ప్లేట్లు అనుకోండి. అప్పుడే చూపుకి సరిపోతుంది.

స్పీడ్ ఛాంపియన్స్‌కి 8 నప్పడానికి కారణం అవన్నీ పొట్టి కార్లు కావడం. ఆ కొలత తెచ్చి టాక్సీకి, జీపుకి, డెలివరీ వ్యాన్‌కి తగిలిస్తే వీధంతా ఏనుగులే.

#5 పట్టాలపక్క

ఊళ్లో కార్లొక్కటే ఉండవు కదా. లెగో రైలు పట్టాల లోపలి దూరం 37.5 మి.మీ. అసలు స్టాండర్డ్ గేజ్ 1435 మి.మీ. భాగిస్తే 1:38. మినీఫిగర్ ఇళ్లకు వాడే 1×4×6 తలుపు ఫ్రేము ఎత్తు 57.6 మి.మీ.; 2.1 మీటర్ల గుమ్మం అనుకుంటే 1:36. (అదే తలుపు వెడల్పు చూస్తే 1:28 వస్తుంది, ఎనిమిదోస్టడ్ గారు సంతోషించవచ్చు.) లెవెల్ క్రాసింగ్ దగ్గర కారుని ఆపితే 6 స్టడ్‌లదే పట్టాలకు సరిపోలుతుంది.

రోడ్డు మాటకొస్తే, 16 స్టడ్‌ల వెడల్పులో రెండు లేన్లు వేస్తే లేన్‌కి 8. అందులో 8 స్టడ్‌ల కారంటే సందులో ఇరుక్కున్న ఎద్దుబండే. అసలు లేను 3.5 మీటర్లు, కారు అందులో సగం. 6 స్టడ్‌ల కారుకి ఆ లెక్కన లేను 12 స్టడ్‌లు ఉండాలి. 10 ఇచ్చినా కంటికి బాగానే ఉంటుంది.

#6 జంపర్‌ప్లేటు

అందరూ బాడీ దగ్గరే ఆగిపోయారు. నా మటుకు స్కేలుని తేల్చేది టైరు. బాడీని 1.6 మి.మీ. మెట్లలో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. టైరుని కోయలేం, ఉన్న సైజుల్లోంచే ఎంచుకోవాలి.

205/55 ఆర్16 టైరు (మందం 205 మి.మీ., పక్క గోడ అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు) చాలా మామూలు సైజు. బయటి వ్యాసం: 16 అంగుళాలు అంటే 406.4, దానికి రెండు పక్కల గోడలు 225.5 కలిపితే 632 మి.మీ. చిన్న కార్లలో వాడే లెగో టైర్లు 14, 17.5, 24 మి.మీ. వరసగా భాగించండి: 1:45, 1:36, 1:26. పై పట్టికతో పోల్చి చూడండి, 5 స్టడ్‌లకు 14, 6కి 17.5, 8కి 24. పేర్చినట్టు కుదిరింది. 17.5 టైరు మందం 6 మి.మీ., 205ని 36తో భాగిస్తే 5.7. అక్కడా సరిపోయింది.

దెబ్బ తినేది ఎక్కడంటే, 6 స్టడ్‌ల బాడీకి 24 టైరు తగిలించినప్పుడు. చక్రాలు పెద్దవైతే కారు దర్జాగా ఉంటుందని వేస్తారు. చక్రం తిరగడానికి బాడీలో వదిలే మూడు స్టడ్‌ల తెరుపు సరిగ్గా 24 మి.మీ., టైరు రుద్దుకుని తిరగదు. దాంతో నాలుగు స్టడ్‌ల తెరుపు ఇస్తారు. 15 స్టడ్‌ల పొడవున్న కారులో చక్రాలకే 8 పోతే మిగిలిన ఏడులో బానెట్ మూతి, తలుపు, డిక్కీ అన్నీ ఇరకాలి. అప్పుడు పొడవు సాగదీస్తారు, పొడవు పెరిగేసరికి వెడల్పు చాలదనిపిస్తుంది, చివరికి 8 దగ్గర తేలతారు. 8కి వెళ్లినవాళ్లలో కొందరిని అక్కడికి తోసింది ఆ టైరే అని నా అనుమానం.

17.5కి మూడు స్టడ్‌ల తెరుపు ఇస్తే రెండు పక్కలా మూడేసి మి.మీ. ఖాళీ ఉంటుంది, హాయిగా తిరుగుతుంది. 14కి రెండు స్టడ్‌లు చాలు, కానీ పక్కకు ఒక్క మి.మీ. మాత్రమే, ఇరుసు ప్లేటు సరిగా నొక్కకపోతే అంచుకి తగిలి ఒక చక్రం ఆగిపోతుంది.

#7 కొత్తఇరుసు

1:42 అంటున్నారు సరే, అది 5.36 స్టడ్‌లు. పావు, అర స్టడ్ ఎక్కణ్ణుంచి తేవాలి?

#8 జంపర్‌ప్లేటు

పక్కనుంచి. మధ్య కోర్ 4 స్టడ్‌లు, 32 మి.మీ. దాని రెండు వైపులా 1×2–1×2 బ్రాకెట్లు (ఎల్ ఆకారపు ముక్కలు). బ్రాకెట్ నిలువు రెక్క మందం 1.6 మి.మీ., దాని మీద టైల్ (పైన స్టడ్‌లు లేని నున్నటి ముక్క) 3.2. ఒక్కో పక్క 4.8, రెండు పక్కలా 9.6, మొత్తం 41.6 మి.మీ. 42తో గుణిస్తే 1.75 మీటర్లు. మధ్య తరగతి హ్యాచ్‌బ్యాక్ అసలు వెడల్పే అది.

కట్టే వరస: ముందు అడుగు ప్లేటు, దాని కింద ఇరుసు ప్లేట్లు. అడుగు మీద తలుపు ఉండే చోట రెక్క పైకి ఉన్న బ్రాకెట్లు, ముందు వెనకల రెక్క కిందికి ఉన్నవి కూడా పనికొస్తాయి. బ్రాకెట్ల మీద ఇంకో ప్లేటు వేసి బిగించాకే పక్క టైల్స్ నొక్కాలి. ముందే నొక్కితే బ్రాకెట్ పైకి లేస్తుంది, ఎందుకు లేచిందో తెలియక మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చోవాలి.

ఎక్కువమంది తప్పేది ఎత్తు దగ్గర. పక్కకు తిరిగిన రెండు స్టడ్‌లు 16 మి.మీ., అంటే 5 ప్లేట్లు. బాడీ పక్క గోడ 5 ప్లేట్లయితే అతుకు కనబడదు. 6 చేస్తే 3.2 మి.మీ. సందు. మూడు స్టడ్‌లు కావాలంటే 24, అంటే ఏడున్నర ప్లేట్లు. ఆ అర ప్లేటు 1.6 మి.మీ. సందుని ఇంకో బ్రాకెట్ రెక్కని పడుకోబెట్టి మూయాలి. అంత తిప్పలు ఎందుకు, 5 దగ్గర ఆపండి.

#9 ఎనిమిదోస్టడ్

పనితనం బాగుంది, ఒప్పుకుంటా. డ్రైవరు ఎక్కడ కూర్చున్నాడో కూడా చెప్పండి మరి.

#10 జంపర్‌ప్లేటు

మధ్యలో. దాచేదేముంది. లోపల 32 మి.మీ., ఫిగర్ 25. జంపర్ (మధ్యలో ఒక్క స్టడ్ ఉండే ప్లేటు) వేసి అర స్టడ్, అంటే 4 మి.మీ. పక్కకు జరిపితే మోచెయ్యి బ్రాకెట్ రెక్కకు తగులుతుంది. స్టీరింగ్ కూడా మధ్యలోనే. కిటికీలు నల్లటి ముక్కలతో మూసేవాళ్లకి అది సమస్యే కాదు, గాజు పెట్టేవాళ్లకి సమస్యే.

#11 ఎనిమిదోస్టడ్

అదే నేననేది. మనిషి కూర్చోలేని కారుకి స్కేలు కుదిరి ఏం లాభం? నేల విడిచి సాము. బస్సు డ్రైవరు మధ్యలో కూర్చుంటే నవ్వుతాం, కారు డ్రైవరు కూర్చుంటే "స్కేలు" అంటాం.

8లో ఇబ్బందులు లేవని కాదు. 6 నుంచి 8కి వెళ్తే ఘనపరిమాణం 2.37 రెట్లు, పై ఉపరితలం 1.78 రెట్లు, ముక్కలూ అలాగే లేస్తాయి. అడుగు రెండు 4 స్టడ్‌ల ప్లేట్లతో వేస్తే మధ్య గీత దగ్గర మడతపడుతుంది. పై పొర అతుకుని రెండు స్టడ్‌లు పక్కకు జరిపి అడ్డంగా కట్టాలి. అద్దం కూడా 8 స్టడ్‌లది వేయకూడదు, 6ది వేసి రెండు పక్కలా ఒక్కో స్టడ్ లోపలికి తీసుకోవాలి. అసలు కార్లు పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. నడుము దగ్గరా పైకప్పు దగ్గరా ఒకటే వెడల్పు పెడితే రొట్టె పెట్టెలా తయారవుతుంది. 8 మీద "లావుగా ఉంది" అన్న ఫిర్యాదుల్లో సగం ఇందువల్లే. 6లో ఈ సన్నం తీయడం కష్టం: 4 స్టడ్‌ల అద్దం వేస్తే పైకప్పు టోపీలా మిగులుతుంది.

#12 స్టడ్‌లెక్క

ఆ చివరి మాట నిజమే. అయినా అసలు తప్పు ప్రశ్నలోనే ఉంది. 6, 8 అనేవి స్కేళ్లు కావు, వెడల్పులు. అన్ని కార్లనీ ఒకే వెడల్పులో కట్టడమే పొరపాటు. పాత మినీ వెడల్పు 1.41 మీటర్లు, ఎఫ్40ది 1.97. రెండింటినీ 6లో కడితే మినీ 1:29, ఎఫ్40 1:41. పక్కపక్కన పెడితే మినీ ఉబ్బిపోయి కనిపిస్తుంది.

ముందు స్కేలు ఒకటి ఖాయం చేసుకుని, వెడల్పుని కారు చేత చెప్పించాలి. 1:42లో:

పాత మినీ – వెడల్పు 33.6 మి.మీ., 4 స్టడ్‌లు; పొడవు 72.6, 9 స్టడ్‌లు
పాత బీటిల్ (1.54 మీ.) – 36.7 మి.మీ.; 4 స్టడ్‌ల కోర్‌కి పక్క స్టడ్‌లున్న బ్రిక్‌లు వాడి నేరుగా టైల్ అంటిస్తే 38.4
హ్యాచ్‌బ్యాక్ – పైన చెప్పిన 41.6
ఎఫ్40 – 46.9 మి.మీ., 6 స్టడ్‌లు, పొడవు 103.8, 13 స్టడ్‌లు

ఎఫ్40లో ఫిగర్ పట్టదు, నిజం. ఖాళీగా పార్క్ చేయండి.

టైర్లకి కూడా ఇదే పద్ధతి. 1:42లో 205/55 ఆర్16 కి 15 మి.మీ. కావాలి, 14 వేస్తే చాలు. 235/60 ఆర్18 వేసుకునే ఎస్‌యూవీకి బయటి వ్యాసం 739, భాగిస్తే 17.6. అంటే హ్యాచ్‌బ్యాక్‌కి చిన్న టైరు, ఎస్‌యూవీకి పెద్ద టైరు, రెండూ ఒకే వీధిలో అసలు తేడాతో కనిపిస్తాయి.

#13 ఎనిమిదోస్టడ్

ఖాళీగా పార్క్ చేయడమా! సరే, నా మాట కొంచెం మారుస్తాను. ఊరి వీధికి 5, 6 మధ్య కట్టండి. తలుపు తీసి మనిషిని ఎక్కించి ఆడుకునే కారుకి, అలమరలో విడిగా నిలబెట్టే కారుకి 8. రెండింటినీ ఒకే ఫొటోలో మాత్రం పెట్టకండి. తప్పదంటే 8 స్టడ్‌లది ముందు, చిన్నవి వెనక, కెమెరా కిందికి. అప్పుడు పరిమాణంలో తేడా దూరంలో కలిసిపోతుంది.

#14 కొత్తఇరుసు

1:42 ఖాయం చేసుకున్నా. 41.6 వెడల్పుతో మొదలుపెడతా, 14 టైరు, గోడ 5 ప్లేట్లు. చివరిగా ఒకటి: సిటీ బస్సు? అసలుది 2.5 మీటర్లు.

#15 పట్టాలపక్క

59.5 మి.మీ. 7 స్టడ్‌ల కోర్, రెండు పక్కలా బ్రాకెట్ లేకుండా నేరుగా టైల్: 56 + 6.4 = 62.4. కొంచెం ఎక్కువ. 6 స్టడ్‌ల కోర్‌కి బ్రాకెట్, టైల్ పెడితే 57.6, కొంచెం తక్కువ. రెండోదే తీసుకోండి. సరి సంఖ్య కోర్ కాబట్టి మధ్య గీతకి జంపర్లు అక్కర్లేదు, డ్రైవరు కూడా పక్కకే కూర్చుంటాడు.